వెనక్కి తిరిగి చూడగలుగుతున్నామా?

మస్కట్‌లో అల్ ఖువైర్‌లో మేముండే భవనం కింద కార్లు నిలిపే జాగా ఇరుకు. రెండేళ్ల కిందట ఓ శుక్రవారం ఉదయం కూరగాయలకు వెళ్దామని కారు వెనక్కి తీస్తున్నాను. ముందురోజు దుమ్ముగాలి వీచింది. వెనక కెమెరా మీద ఇసుక పేరుకుని తెరమీద అంతా మసక. అద్దాల్లో చూశాను, ఎవరూ లేరు. మెల్లగా వెనక్కి కదిలాను. వెనక సీట్లోని మా పాప "నాన్నా, ఆగు!" అని అరిచింది. బ్రేకు తొక్కి దిగి చూస్తే పక్క వాటాలో ఉండే ఐదేళ్ల పిల్లవాడు, చిన్న సైకిలు మీద, మా కారుకు జానెడు దూరంలో ఉన్నాడు. వాడికి ఏమీ కాలేదు. నవ్వుతూ వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కెమెరా తుడవకపోవడం నా తప్పే. కారెక్కేముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడకపోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ నన్ను తొలిచేసిన ప్రశ్న వేరు. ఆ పిల్లవాడు వచ్చింది కుడిపక్క వెనక కిటికీ వైపు నుంచి. భుజం మీదుగా తిరిగి చూసి ఉంటే కనిపించేవాడు. నేనెందుకు తిరగలేదు?

మర్నాడు ఆగి ఉన్న కారులోనే కూర్చుని తిరగడానికి ప్రయత్నించాను. మెడ తిరిగింది. భుజాలు సీటుకు అతుక్కున్నట్టు అక్కడే ఉన్నాయి. వెనక అద్దంలో సగం కూడా కనిపించలేదు. ఇంకాస్త తిరుగుదామంటే నడుం దగ్గర పట్టేసినట్టయింది. ఒమన్‌లో లైసెన్సు తీసుకున్నవాళ్లకు డ్రమ్ముల పరీక్ష గుర్తుండే ఉంటుంది. డ్రమ్ముల మధ్యకు కారును వెనక్కి పెట్టాలి. ఇండియాలో కుడివైపు సీట్లో కూర్చుని ఎడమ భుజం మీదుగా చూడటం అలవాటైన నేను, ఇక్కడ ఎడమవైపు సీట్లో కూర్చుని కుడి భుజం మీదుగా చూడటం కష్టపడి నేర్చుకున్నాను. పన్నెండేళ్ల కిందట అలా తిరిగి చూసినవాణ్ణే. ఆ తిరుగుడు నా ఒంట్లోంచి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. నొప్పి లేదు కాబట్టి తెలియలేదు.

అసలు సంగతి అదే. మనం నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం. షుగరు, కొలెస్ట్రాల్ ఏడాదికోసారి చూపించుకుంటాం. కదలిక తగ్గడాన్ని మాత్రం ఏ పరీక్షా చెప్పదు. అది రోజుకింత చొప్పున, చప్పుడు చేయకుండా పోతుంది. పరదేశంలో కుర్చీల్లో బతుకుతున్న నాలాంటి నలభై దాటిన తెలుగువాళ్లు దీన్ని పట్టించుకోవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

తిరిగేది నడుం కాదు

"నడుం తిప్పడం" అంటాం. మాట అలా ఉంది గానీ, నిజానికి నడుం పెద్దగా తిరగదు. వెన్నులో మెడ దగ్గర 7 పూసలు, పక్కటెముకలు అతుక్కుని ఉండే వీపు భాగంలో 12, నడుం దగ్గర 5 ఉంటాయి. నడుం పూసల వెనకుండే చిన్న కీళ్లు ముందుకూ వెనక్కూ వంగడానికి వీలుగా అమరి ఉంటాయి, పక్కకు తిరగబోతే ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఐదు పూసలూ కలిసినా ఒక్కోవైపు పది డిగ్రీలు అటూ ఇటూ మాత్రమే తిరుగుతాయి. వీపు పూసల కీళ్లు అలా కాదు. వాటి అమరిక తిరగడానికి అనువైనది. ఒక్కోటి రెండు మూడు డిగ్రీలే తిరిగినా పన్నెండూ కలిస్తే సుమారు 35 డిగ్రీల దాకా వస్తుంది. మిగతాది మెడ చూసుకుంటుంది. మెడ తిరిగేదాంట్లోనూ దాదాపు సగం పైనున్న మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది.

అంటే మొండెం తిరగడంలో పెద్ద వాటా వీపుదే. అది బిగుసుకుపోతే మనం తిరగడం మానం. ఆ పని మెడ మీదా, నడుం మీదా, భుజం మీదా వేస్తాం. నలుగురున్న ఆఫీసులో ఒకరు పని మానేస్తే మిగతావాళ్ల మీద పడినట్టే. మెడనొప్పులు, నడుంనొప్పులు అన్నింటికీ ఇదే కారణమని నేననను. వాటికి కారణాలు చాలా ఉంటాయి. కానీ నొప్పి ఉన్నచోటే తైలం రాసుకుంటూ, పనిచేయని చోటును మరచిపోవడం మాత్రం మనలో చాలామంది చేసే పొరపాటు.

ఒక చిన్న ప్రయోగం చేయండి. కుర్చీలో వీపు గూనిలా వంచి, ఫోను చూస్తున్నట్టు కూర్చోండి. అలాగే కుడివైపు తిరగండి. ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు తలమీద ఎవరో దారం కట్టి పైకి లాగినట్టు నిటారుగా కూర్చుని మళ్లీ తిరగండి. తేడా మీకే తెలుస్తుంది. వంగిన వీపు సరిగా తిరగదు. మనం రోజులో ఎక్కువ గంటలు వంగే కూర్చుంటాం.

మన బదులు కుర్చీ తిరుగుతోంది

ఒమన్ చట్టం ప్రకారం పని వారానికి 40 గంటలు. మన సాఫ్ట్‌వేర్‌వాళ్ల సంగతి తెలిసిందే. హైదరాబాద్ మనకంటే గంటన్నర ముందు, అమెరికా ఎన్నో గంటలు వెనక. పొద్దున ఒకరితో, రాత్రి ఇంకొకరితో మీటింగులు. వేసవిలో బయట ఎండ 45 డిగ్రీలు దాటితే ఇంట్లోంచి కారు, కారులోంచి ఆఫీసు, ఆఫీసులోంచి మాల్. అన్నిచోట్లా ఏసీ, అన్నిచోట్లా కుర్చీ.

ఆ కుర్చీకి చక్రాలు, తిరిగే ఇరుసు. పక్క సీట్లోని మనిషి పిలిస్తే మనం తిరగం, కుర్చీ తిరుగుతుంది. వెనక ఏముందో కెమెరా చూసి చెబుతుంది. పక్కనేముందో సెన్సారు కూత పెడుతుంది. సోఫాలో కూర్చుంటే రిమోట్ చేతికందుతుంది. రోజంతా ఒక్కసారైనా మొండెం పూర్తిగా తిప్పవలసిన పని పడదు. వాడని దాన్ని ఒళ్లు దాచిపెట్టి ఉంచదు.

మా అమ్మమ్మ ఇంట్లో స్తంభానికి కట్టిన కవ్వం ఉండేది. తాడు రెండు కొసలూ పట్టుకుని కుడిచేత్తో లాగి, ఎడమచేత్తో లాగి మజ్జిగ చిలికేది. ఒక్కో లాగుడుకూ భుజాలు అటూ ఇటూ తిరిగేవి. ఆపైన తిరగలి, బావిలో చేద, నేలమీద కూర్చుని పక్కకు తిరిగి వడ్డించడం. వ్యాయామం అనే మాటే తెలియకుండా వీపు రోజుకు వందలసార్లు తిరిగేది. ఆ కాలమే బాగుండేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. అదే అమ్మమ్మ ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసి, ఎనభయ్యో పడిలో నిటారుగా నిలబడలేకపోయింది. ఆ చాకిరీ మనకొద్దు. ఆ చాకిరీతో పాటు ఉచితంగా వచ్చిన కదలికను మాత్రం వేరే దారిలో తెచ్చుకోవాలి. మనం చేయాల్సింది అంతే.

గడియారంతో కొలుచుకోండి

ముందు ఎక్కడున్నామో తెలియాలి. వెన్ను ఆనించకుండా, పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోండి. మోకాళ్ల మధ్య చిన్న దిండు బిగించండి, తుంటి కదలకుండా ఉంటుంది. చేతులు గుండెల మీద కట్టుకోండి. ఎదురుగా ఉన్నది గడియారంలో 12 అనుకోండి. నిటారుగా ఉండి, ఛాతీని మెల్లగా కుడివైపు తిప్పండి. తల కాదు, ఛాతీ ఎటు చూస్తోందన్నది ముఖ్యం. ఇంట్లోవాళ్లను ఎదురుగా నిలబెట్టి ఫొటో తీయమంటే ఇంకా మంచిది. ఛాతీ ఒంటిగంటన్నర వైపు చూస్తే 45 డిగ్రీలు. శిక్షకులు మామూలుగా గీటురాయిగా పెట్టుకునేది దాన్నే. ఎడమవైపూ అలాగే, పదిన్నర దాకా.

మొదటిరోజు నేను కుడివైపు ఒంటిగంట దాకా కూడా రాలేదు. ఎడమవైపు కాస్త నయం. పక్కన కూర్చున్న మా పాప ఒంటిగంటన్నర దాటి తిరిగి నవ్వింది.

నేను చేసినవి నాలుగు

ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, రోజూ పడుకోబోయేముందు పది నిమిషాలు చేసినవి ఇవి. పరికరాలు అక్కర్లేదు. ఒక తువ్వాలు, ఒక చాప చాలు.

మొదటిది వీపును వెనక్కి తెరవడం. తువ్వాలును గట్టిగా చుట్టి, నేలమీద వెల్లకిలా పడుకుని, భుజపుటెముకల కింది కొసల దగ్గర వీపు కింద అడ్డంగా పెట్టుకోవాలి. మోకాళ్లు మడిచి, చేతులు తల కింద పెట్టుకుని, నిదానంగా ఊపిరి వదులుతూ వీపును తువ్వాలు మీదకు వాలనివ్వాలి. ఐదారు ఊపిరులయ్యాక తువ్వాలును రెండంగుళాలు పైకి జరపాలి. వంగి ఉన్న వీపు తిరగదని ఇందాక చూశాం కదా, అందుకే ఇది ముందు.

రెండోది పుస్తకం తెరిచినట్టు. ఒక పక్కకు పడుకుని తలకింద దిండు పెట్టుకోవాలి. మోకాళ్లు రెండూ తొంభై డిగ్రీలు మడిచి ఒకదానిమీద ఒకటి ఉంచాలి. చేతులు ముందుకు చాపి అరచేతులు కలపాలి. పై చేతిని పేజీ తిప్పినట్టు మెల్లగా వెనక్కి తెరవాలి, చూపు చేతివెంట వెళ్లాలి. మోకాళ్లు మాత్రం విడిపోకూడదు. విడిపోయాయంటే వీపు బదులు తుంటి తిరుగుతోందని అర్థం. చేయి నేలకు తగలాలన్న పట్టుదల వద్దు.

మూడోది వజ్రాసనంలో వెనక్కి కూర్చుని, ముందుకు వంగి, ఒక మోచేయి నేలమీద ఆనించి, రెండో చేయి తలవెనక పెట్టుకుని ఆ మోచేతిని పైకప్పు వైపు తిప్పడం. మడమల మీద కూర్చోవడం వల్ల నడుం దాదాపు కదలకుండా ఉంటుంది, పని వీపుకే చేరుతుంది. మోకాళ్లు సహకరించనివాళ్లు పిక్కల మీద దిండు పెట్టుకుని కూర్చోవచ్చు, లేదా దీన్ని వదిలేయవచ్చు.

నాలుగోది కుర్చీలోనే. చీపురు కర్రను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, నిటారుగా కూర్చుని అటూ ఇటూ తిరగడం. ఆఫీసులో కర్ర లేకపోతే చేతులు కట్టుకుంటే చాలు.

ఒక్కోటి రెండు వైపులా ఎనిమిది, పదిసార్లు. తిరిగేటప్పుడు ఊపిరి వదలాలి. పక్కటెముకలు పూసలకు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఊపిరి బిగబట్టి తిరిగితే పెట్టె మూత వేసి తిప్పినట్టే. ఊపుతో విసరకూడదు. మొదటిరోజు చేశాక కాస్త వదులుగా అనిపిస్తుంది, మర్నాటికి మళ్లీ బిగుసుకుంటుంది. నిరాశ పడొద్దు. నాకు నిలకడగా తేడా తెలియడానికి ఆరు వారాలు పట్టింది. రెండు నెలలకు కుడివైపు ఒంటిగంటన్నరకు దగ్గరగా వచ్చాను.

మన యోగంలో ఇవన్నీ కొత్తవి కావు. హఠయోగ ప్రదీపికలోనే మత్స్యేంద్రాసనం ఉంది. అర్ధమత్స్యేంద్రాసనం, వక్రాసనం, భరద్వాజాసనం అన్నీ వెన్ను తిప్పేవే. చిక్కేమిటంటే, ఏడాదికోసారి జూన్ 21న యోగా దినోత్సవంలో ఫొటో కోసం, బిగుసుకున్న వీపుతో మోకాలికి చేతిని మెలేసి బలవంతంగా తిరుగుతాం. చేతి బలంతో తిప్పితే లొంగేది వీపు కాదు, నడుం. అలాగే రోజూ సూర్యనమస్కారాలు చేస్తున్నాం కదా అని ధీమా పడేవాళ్లున్నారు. మంచిదే, కానీ వాటిలో వంగడం, సాగడం ఉన్నాయి గానీ పక్కకు తిరగడం లేదు.

ఎవరు ఆగాలి

ఊరినుంచి మనతో మూడు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నలకు ఇవన్నీ వెంటనే చేయించకండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవాళ్లు, ముందుకు వంగి బలంగా మెలితిరిగితే పూస నలిగే ప్రమాదం ఉంది. వాళ్లకు డాక్టరు సలహా తర్వాతే. పడటమో, దెబ్బ తగలడమో జరిగాక వచ్చిన నొప్పి, కాళ్లలో తిమ్మిరి లేదా పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే వ్యాయామం కాదు, ఆసుపత్రి ముఖ్యం.

ఇంకొకటి యువకులకు. పొద్దున లేవగానే వెన్ను బిగుసుకుపోయి అరగంటకు మించి ఉండటం, విశ్రాంతి తీసుకుంటే పెరిగి, తిరుగాడితే తగ్గడం, నెలల తరబడి ఇదే తంతు అయితే అది కుర్చీ వల్ల వచ్చింది కాకపోవచ్చు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే కీళ్లవాత వ్యాధి అలాగే మొదలవుతుంది. తొందరగా గుర్తిస్తే మంచి మందులున్నాయి. కీళ్లవాత నిపుణులకు చూపించాలి. పట్టు వదలడానికి ఎవరితోనో మెడ, వీపు విరిపించుకుంటూ ఏళ్లు గడిపేయకూడదు.

బరువులెత్తే మనవాళ్ల సంగతి

ఇది చదివేవాళ్లంతా కుర్చీల్లో కూర్చునేవాళ్లు కాదని నాకు తెలుసు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చి నిర్మాణ పనుల్లో, గోదాముల్లో, ఇళ్లలో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకు తిరుగుడు తక్కువ కాదు, బరువుతో తిరుగుడు ఎక్కువ. వంగి సిమెంటు బస్తా ఎత్తి, కాళ్లు కదపకుండా మొండెం తిప్పి పక్కన పడేయడం నడుంకు చాలా చేటు. వాళ్లకు చెప్పాల్సింది వేరే మాట. బరువు గుండెలకు దగ్గరగా పట్టుకో, తిరగాలంటే పాదాలతో తిరుగు. వేసవిలో మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఎండలో పని ఆపాలన్న నిబంధన ఒమన్‌లో ఉంది. ఆ విరామంలో ఐదు నిమిషాలు ఈ సంగతి తెలుగులో చెప్పేవాళ్లుంటే ఎంతమంది నడుములు నిలబడతాయో! ఊళ్లో ఇల్లు నడిచేది ఆ నడుం మీదే.

సంఘాలు చేయగలిగింది

మన సంఘాల ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎలా జరుగుతాయో చూడండి. నాలుగు గంటలు కుర్చీల్లో కూర్చుంటాం, వేదిక మీద పిల్లలు ఆడతారు, తర్వాత భోజనం. కోలాటం మన దగ్గరే ఉంది. ఎడమ పక్కవాళ్ల కర్రకు తగిలించి, తిరిగి కుడి పక్కవాళ్ల కర్రకు తగిలించే ఆట అది. వీపుకు అంతకంటే మంచి వ్యాయామం ఏ జిమ్‌లోనూ దొరకదు. దాన్ని పదేళ్ల పిల్లల ప్రదర్శనగా మార్చి మనం ఫొటోలు తీస్తున్నాం. పెద్దలను కూడా వలయంలోకి దింపండి. సంక్రాంతికి ముగ్గుల పోటీ ఉన్నట్టే, నలభై దాటినవాళ్ల కోలాటం ఎందుకు ఉండకూడదు?

శుక్రవారం ఉదయం క్రికెట్ ఆడేవాళ్లకూ ఇదే మాట. 2021లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌లు అల్ అమెరాత్‌లో జరిగినప్పటి నుంచి మనవాళ్ల హుషారు ఇంకా పెరిగింది. వారమంతా కదలని వీపుతో కారు దిగి నేరుగా బంతి విసిరితే ఆ భారం భుజం మీదా, నడుం మీదా పడుతుంది. ఆటకు ముందు పది నిమిషాలు కేటాయించండి. ఎండ తగ్గిన నెలల్లో రియాం నుంచి మత్రాకు కొండమీదుగా వెళ్లే కాలిబాట పట్టండి. ఎగుడుదిగుడు రాళ్ల మీద చేతులు ఊపుతూ నడిస్తే మొండెం తనంతట తనే తిరుగుతుంది.

"కెమెరాలు, సెన్సార్లు ఉండగా ఈ గోల ఎందుకు?" అని ఓ మిత్రుడు అడిగాడు. కెమెరా మంచిదే. నేనూ ఇప్పుడు రోజూ తుడుస్తున్నాను. కానీ ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు వెళ్తుంది. లేను మారేముందు అద్దంలో కనపడని మూలను చూడటానికి దొరికేది ఆ ఒక్క సెకనే. అప్పుడు తలతోపాటు భుజం కూడా కాస్త తిరగాలి. యంత్రం మనకు తోడుగా ఉండాలి గానీ మన ఒంటిలోని పనిని మాన్పించకూడదు.

ఇప్పటికీ కారు వెనక్కి తీసేముందు దిగి ఒకసారి చుట్టూ చూస్తాను. ఎక్కాక కుడిచేయి పక్క సీటు వెనక వేసి పూర్తిగా తిరుగుతాను. వెనక అద్దం మొత్తం, కుడిపక్క కిటికీ కూడా కనిపిస్తాయి. ఆ పిల్లవాడికి ఇప్పుడు ఏడేళ్లు. పెద్ద సైకిలు కొన్నారు, అదే జాగాలో తిప్పుతుంటాడు.

రేపు మీరు కారెక్కగానే, ఇంజను వేయకముందు, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. అద్దం ఎంత మేరకు కనిపించిందో గుర్తుపెట్టుకోండి. సగమే కనిపిస్తే, రాత్రికి తువ్వాలు చుట్టండి.

(రచయిత మస్కట్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు)